సబ్బు మామ సినిమా బిళ్ళలు

“మీ సబ్బు మామ పోయిండే” అని అమ్మ ఫోను చేసినప్పుడు నేను షోలాపూర్ హోట్గి రోడ్డు మీద షేర్ ఆటోలో ఉన్నాను. పొద్దున టీ తాగి, గోడకు ఆనుకొని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. “ఎనబై దాటినయ్. ఎవ్వల్ని తిప్పలు పెట్టకుంట పోయిండు” అంది. “పాపం, సబ్బు మామ” అని మళ్ళీ అంది.

ఆటోలో నా ఎదురుగా ఒక కాలేజీ అమ్మాయి కూర్చుని ఉంది. ఒడిలో గుడ్డ సంచి, దాని మీద నాలుగైదు గుండ్రటి బ్యాడ్జీలు, ఏవో కార్టూన్ బొమ్మలవి. ఒకదాని ముల్లు బట్టను పొడుచుకొని పోయి చుట్టూ దారాలు లేచి ఉన్నాయి. “పోగు తెగింది చూడు బిడ్డా” అనబోయి ఆగాను. ఆ మాట నాది కాదు, ఆయనది. ఫోనులో ఆయన చావు వార్త ఇంకా చెవిలో ఉండగానే ఆయన మాట నా నోట్లోకి వచ్చి కూర్చుంది.

ఆయనకు అసలు పేరు ఒకటి ఉంది. ఇక్కడ రాయను. రాస్తే మా గల్లీలో సగం మంది ఈయనెవరని అడుగుతారు. కుంఠా నాకా దగ్గర మా ఇళ్ళ వరసలో మొదట ఆయన్ని బిళ్ళల మామ అనేవారు. నాకు పన్నెండేళ్ళున్నప్పుడు ఒక మధ్యాహ్నం తరువాత సబ్బు మామ అయ్యాడు. ఆ పేరు నా నోటి వల్లే వచ్చింది. ఆ మధ్యాహ్నం సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. కానీ ముందు బిళ్ళల సంగతి చెప్పకపోతే ఆయన ఒప్పుకోడు.

బిళ్ళలంటే సినిమా బిళ్ళలు. రేకుతో చేసినవి, గుండ్రటివి, కొన్ని రూపాయంత, కొన్ని అరచేతిలో సగమంత. పైన హీరోదో హీరోయిన్‌దో బొమ్మ, సినిమా పేరు, వెనక గుచ్చుకోవడానికి ముల్లు. పాత రోజుల్లో కొత్త సినిమా వచ్చినప్పుడు, వంద రోజులు ఆడినప్పుడు హాలు గేట్‌కీపర్ల అంగీలకు, అభిమానుల అంగీలకు వీటిని పెట్టేవారు. ఆట మారితే బిళ్ళ పని అయిపోతుంది. సొరుగుల్లో, పాత సామాన్లు కొనే భంగారు దుకాణాల డబ్బాల్లో మిగిలిపోతుంది. మామ అక్కడి నుంచి ఏరుకొచ్చేవాడు. సర్కసువి, మాయాజాలం ఆటలవి, ఊరూరా తిరిగే నాటకం కంపెనీలవి కూడా ఆయన దగ్గర ఉండేవి. డబ్బు పెట్టి కొన్నది తక్కువ. సంచిలో ఎప్పుడూ తాను దాచుకున్న చేతి తువ్వాళ్ళు రెండు ఉండేవి. బిళ్ళ కనబడితే తువ్వాలు తీసి చూపించేవాడు. “మొకం తుడుసుకునేది నీకు, మొకం నాకు” అనేవాడు.

వాటిని గుచ్చింది ఒక చద్దరు మీద. ఆయనే నేసిన చద్దరు, నేతలో తప్పు పడి వెనక్కి వచ్చింది. మగ్గానికి ఎక్కించే డిజైను అట్ట ఒకటి చిరిగిపోవడంతో మధ్యలో ఉన్న నెమలికి మెడ పడలేదు. తల ఒకచోట, ఒళ్ళు ఒకచోట. కార్ఖానా సేఠ్ దాన్ని ఆయన మొహాన కొట్టాడట. “నా తప్పు నా ఇంట్లనే ఉండనీ” అని మామ తెచ్చి గోడకు వేలాడదీశాడు. వరసలు వరసలుగా ఆ చద్దరు మీద ఎంతమంది దేవుళ్ళు, దొంగలు, రాజులు, పోలీసులు! ఆ మెడ లేని చోట మాత్రం ఒకే బిళ్ళ. ఎర్రటి నేల మీద, తలలో పూలు పెట్టుకొని నవ్వుతున్న ఒక హీరోయిన్. దాని సంగతి తరువాత.

గుచ్చే పద్ధతి ఒకటి ఉంది. మనలాంటి వాళ్ళం ముల్లును బట్టలోకి పొడుస్తాం. ఆయన పొడవడు. రెండు వేళ్ళతో బట్టను బిగదీసి, వెలుతురుకు పట్టి, పోగుకూ పోగుకూ మధ్య సందు చూసి, ముల్లు మొనతో పోగును పక్కకు జరిపి, అప్పుడు దూరుస్తాడు. తీసేశాక వేలితో ఒకసారి రుద్దితే అక్కడ ముల్లు దిగినట్టే తెలియదు. “పోగు తెగనియ్యొద్దు. దాని మీద ఒకని చెయ్యి తిరిగింది” అనేవాడు. నేను నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పటికీ చీర కొంగుకు పిన్నీసు పెట్టుకుంటే వెలుతురు దిక్కు తిరుగుతాను.

ఆయనకు చాదస్తాలు చాలా ఉండేవి. సినిమాకు ఒక్కటే బిళ్ళ. రెండోది దొరికితే ఇంకెవరికైనా ఇచ్చేవాడు. నీళ్ళు తగలనిచ్చేవాడు కాదు. పత్తి ముక్కకు మగ్గం నూనె ఒక్క చుక్క పెట్టి వెనక రేకును మాత్రం తుడిచేవాడు. “ఎండ బొమ్మను తింటది, వాన ముల్లును తింటది” అని చద్దరును వాకిట్లోకి రానిచ్చేవాడు కాదు. అన్నిటికంటే పెద్ద చాదస్తం, తాను చూడని సినిమా బిళ్ళ దొరికితే దాన్ని చద్దరుకు వెనక వైపు, గోడ దిక్కు మొహం పెట్టి గుచ్చేవాడు.

“ఎందుకు మామా?”

“నేను ఆమెను చూడలే, ఆమె నన్నెట్ల చూస్తది? మేమింక కలువలే.”

ఎప్పుడో టీవీలో ఆ సినిమా వస్తుంది. మొదటి నుంచి చివరిదాకా, అడ్వర్టయిజ్‌మెంట్లతో సహా కూర్చుని చూసి, మరునాడు పొద్దున స్నానం చేసి వచ్చి ఆ బిళ్ళను ముందు వైపుకు తెచ్చేవాడు. ఆ రోజు మా అందరికీ టీ.

పవర్‌లూమ్ కార్ఖానాలో ముప్పై ఏళ్ళు పని చేశాడు. మగ్గాల మోతలో పక్కవాడి మాట వినబడదు కాబట్టి కార్ఖానావాళ్ళు చేతులతో, కనుబొమ్మలతో మాట్లాడుకుంటారు. ఆయన ఆ భాషలో మూడు గంటల సినిమా మొత్తం చెప్పగలడు. ఆదివారం పొద్దుటి తెలుగు ఆట చూసి, మరునాటి షిఫ్టులో ఒక కన్ను మగ్గం మీద పెట్టి చెప్పేవాడు. పది వేళ్ళు కిందికి ఆడిస్తే వాన పాట. చెవి తమ్మెను తాకితే హీరోయిన్ వచ్చింది. బొటనవేలు మీసం మీదికి పోతే ఇక ఎవరికో మూడింది. ఒకసారి ఏడుపు సీను దగ్గర ఎదుటి మగ్గం మనిషి నిజంగానే కళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయి, తెగిన పోగు చూసుకోక జానెడు బట్ట పాడు చేశాడని చెప్పుకొని నవ్వేవారు. అంత మోతలో బతికిన చెవులు కాబట్టి ఇంటికొస్తే గట్టిగా అరిచి మాట్లాడేవాడు. “అన్న రహస్యం చెప్తే అశోక్ చౌక్ దాక ఇనబడ్తది” అనేది మా అమ్మ.

ఇక నా సంగతి. మా అమ్మ బీడీలు చుట్టేది, ఇప్పటికీ చుడుతుంది. నేను చదివింది మరాఠీ బడి. షోలాపూర్‌లో మా వాళ్ళ పిల్లలు చాలామంది అంతే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో అన్నీ. తెలుగు నాలుక మీద ఉంటుంది గాని కళ్ళకు తెలియదు. మా ఇంట్లో తెలుగు అక్షరం ఉన్నది క్యాలెండరు మీద ఒక్కచోటే.

మామకు ఏ భాషా చదవడం రాదు. కానీ ఏ బిళ్ళ ఏ సినిమాదో బొమ్మ చూసి చెప్పేవాడు. ఒక రోజు ఆయన ఒక పేరు పలుకుతుంటే నేను ఆ బిళ్ళ మీది అక్షరాలు లెక్కపెట్టాను. ఆయన నోటితో నాలుగు ముక్కలు, రేకు మీద నాలుగు గుండ్రాలు. అంటే మొదటిది ఇది, రెండోది ఇది! ఇంకో బిళ్ళ తీసి చూశాను. అదే గుండ్రం అక్కడా అదే చప్పుడుకు ఉంది. ఆయన చెబుతూ పోయాడు, నేను కలుపుతూ పోయాను. ‘మ’ ఒక పౌరాణికం దగ్గర దొరికింది. ‘ద’ ఒక దొంగ దగ్గర. ‘శ్రీ’ తేలిక, పదింటి మీద ఉంది. ‘ఋ’ మాత్రం నాకు చాలా ఏళ్ళు రాలేదు. ఏ బిళ్ళ మీదా ఆ అక్షరం లేదు.

అలా ఆ ఏడాదిలో, పైన పేరు లేని ఆ ఎర్ర బిళ్ళ తప్ప, చద్దరు మొత్తం చదివేశాను. అశోక్ చౌక్ అవతల ఒక తెలుగు లైబ్రరీ ఉందని, అక్కడ బీరువాల నిండా ఇలాంటి అక్షరాలే ఉన్నాయని ఆయనే చెప్పాడు. బడి అయ్యాక అమ్మకు చెప్పకుండా రెండుసార్లు వెళ్ళాను. మూడోసారి పట్టుబడ్డాను.

బీడీ ఆకును నానబెట్టి, తడి గోనెలో చుట్టి ఉంచుతారు. మెత్తగా ఉన్నప్పుడే కత్తిరించాలి. ఆరితే చిట్లిపోతుంది, మళ్ళీ కలవదు. నేను లైబ్రరీలో ఉన్న సాయంత్రం అమ్మ ఒక్కతే కత్తిరించలేక సగం ఆకు ఆరిపోయింది. మరునాడు మధ్యాహ్నం గల్లీలో ఆడవాళ్ళందరూ చాటలు ఒళ్ళో పెట్టుకొని వరసగా కూర్చున్నప్పుడు అమ్మ అంది.

“ఇగ సాలు. సోమారం నుంచి బడి కాంగనే ఇంటికి. లైబ్రరీ గియబ్రరీ ఏం లేదు. తెలుగు మనకు మాట్లాడొస్తలే? చదివి ఏం జేస్తవ్?”

నేను కత్తెర పట్టుకొని తల వంచుకున్నాను. ఎదురింటి చిన్నమ్మ అందుకుంది. “వదినా, పిల్ల చదువుతదే. బిళ్ళల మామ చద్దరంత చదివిందంట.”

“ఏం చదువుతది? అన్న చెప్పింది గుర్తు పెట్టుకొని అప్పజెప్తది. రామచిలుక గుడ చెప్తది గట్ల.”

ఇది మా అమ్మ కోపంలో అన్న మాట కాదు, నిజంగానే ఆమె అనుమానం. చెప్పాలంటే నాకూ ఆ అనుమానం ఉండేది. ప్రతి బిళ్ళ పేరూ ఆయన నోటి నుంచి విన్నదే కదా. నేను చదువుతున్నానా, జ్ఞాపకం పెట్టుకున్నానా?

మామ తన గడప మీద కూర్చుని ఉన్నాడు. అన్నీ విన్నాడు. లేచి లోపలికి పోయి ఆ ఎర్ర బిళ్ళతో వచ్చాడు. నెమలి మెడ దగ్గరి బిళ్ళ.

ఆ బిళ్ళ కథ గల్లీలో అందరికీ కంఠస్థం. ఆయన ఇరవై ఏళ్ళవాడుగా ఉన్నప్పుడు ఒక తెలుగు సినిమా ఇక్కడ వంద రోజులాడింది. ఆ వంద రోజుల పండుగకు హీరోయిన్ స్వయంగా వచ్చింది. వరసలో నిలబడ్డ నేతగాళ్ళకు తన చేత్తో బిళ్ళలు పెట్టింది. ఈయన దగ్గరికొచ్చి ముల్లును అంగీలోకి పొడవబోతే ఈయన “అమ్మా, ఆగు, పోగు తెగుతది” అన్నాడు. రెండు వేళ్ళతో అంగీని బిగదీసి పట్టుకున్నాడు. ఆమె నవ్వి, “నేసేవాడివా?” అని అడిగి, ఆయన చూపిన సందులో జాగ్రత్తగా దూర్చింది. ఈ కథ ఆయన చేతులతో చెప్పేవాడు. ఒక చెయ్యి ఆమె, ఒక చెయ్యి తాను. ఆమె నవ్వే చోట తన ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర కొద్దిగా వంగేది. ఎవరూ నమ్మేవారు కాదు, కానీ ఎవరూ విననని అనేవారు కాదు.

ఆ బిళ్ళ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. “దీని మీద రాసింది నేనెన్నడు చెప్పలే. కింద అంచుకు సన్నగ ఏందో రాసి ఉన్నది. చదువు బిడ్డా. మీ అమ్మ ఇననీ.”

నిజమే. దాని మీద సినిమా పేరు పైన లేదు. కింద, బొమ్మ అంచులో, రేకు మడత దగ్గర చీమల్లాంటి అక్షరాలు. ఎండకు పట్టి చదివాను. మొదటి మాట కూడబలుక్కున్నాను. రెండోది వచ్చేసరికి ఆగాను. తల ఎత్తి ఆయన్ని చూశాను.

“ఏందే, రాలేదా?” అంది అమ్మ.

“ఏమున్నదో అదే చదువు” అన్నాడు మామ.

చదివాను. అది సినిమా పేరు కాదు, ఒక సబ్బు పేరు. ఆ సబ్బునే వాడండి అని ఉంది.

గల్లీ ఒక్కసారి ఘొల్లుమంది. “అన్నా! హీరోయిన్ రాలే, సాబణ్ వచ్చింది!” అని చిన్నమ్మ చాట కింద పెట్టి మరీ నవ్వింది. “కిరాణ దుకాన్ల సబ్బు కొంటె ఫుకట్‌ల ఇచ్చిండ్రు కావొచ్చు. లబాడ్ మనిషి, ఇన్నేండ్లు మనకు కథ జెప్పిండు!” “నేసేటోనివా అని అడిగిందంట! స్నానం జేసినవా అని అడిగుంటది!” ఇంకెవరో అన్నారు. ఆయన ఏదో ఒకటి అంటాడని చూశాను. ఆ గొంతు ఎత్తితే ఇంతమందీ గప్‌చిప్ అయ్యేవారు. ఆయన నోరు తెరవలేదు.

మా అమ్మ ఒక్కతి నవ్వలేదు. నన్నే చూస్తోంది.

“గిది అన్న నీకు చెప్పలే గద?”

“లేదమ్మా.”

“నువ్వే చదివినవా?”

“నేనే చదివిన.”

అమ్మ ఇంకో ఆకు తీసుకుంది. మూడు అంచులు కత్తిరించింది. “ఆకు కోసినంక పో. దినం గంటసేపు. చీకటి పడకముందే ఇంట్ల ఉండాలె” అంది.

ఆయన బిళ్ళను లుంగీకి తుడుచుకొని లోపలికి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి బిళ్ళల మామ పేరు పోయి సబ్బు మామ పేరు వచ్చింది. మరునాటికి నెమలి మెడ ఖాళీ. నేను లైబ్రరీలో మెంబరైన రోజున దాన్ని నాకే ఇచ్చాడు. “ఇది చదివింది నువ్వు. నీ దగ్గరనే ఉండనీ.” అప్పుడు గర్వంగా తీసుకున్నాను. కొంచెం పెద్దయ్యాక సిగ్గుపడి, దారాల డబ్బాలో అడుగున పెట్టాను.

ఆయన మిగతా కథలన్నీ మామూలుగానే చెప్పేవాడు. ఆ ఒక్క కథ మాత్రం మళ్ళీ ఎన్నడూ చెప్పలేదు. ఆ ఎడమ మణికట్టు అలా వంగడం నేను మళ్ళీ చూడలేదు.

నేను పెద్ద చదువులు చదవలేదు. తువ్వాళ్ళ కార్ఖానాలో అంచులు కుడతాను. కానీ లైబ్రరీ బీరువాలు ఎడమ నుంచి కుడికి రెండుసార్లు తిరగేశాను, ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. ఏది చదివినా ముందు ఆయనకే చెప్పేదాన్ని. ఒకసారి ఒక విజ్ఞాన పుస్తకంలో చదివాను. పాత బిళ్ళల మీద మెరిసే పలుచని పొరను సెల్యులాయిడ్ అంటారట, పాతకాలం సినిమా రీళ్ళు చేసింది కూడా దానితోనేనట. పరుగెత్తుకుంటూ వెళ్ళి చెప్పాను. ఆయన చాలాసేపు చద్దరు దిక్కు చూశాడు.

“అయితే ఇవి గుడ సినిమలే గద! నడువని సినిమలు.”

‘ఋ’ నేర్చుకున్న రోజు కూడా వెళ్ళి చెప్పాను. “దానికొక సినిమ తియ్యాలె ఎవడన్న” అన్నాడు.

పోయిన ఏడాది లైబ్రరీలో పాత పత్రికల బీరువా దులుపుతుంటే సాయానికి వెళ్ళాను. ముట్టుకుంటే పొడి రాలే సినిమా పత్రికల సంపుటాలు. ఒక పేజీ దగ్గర నా చెయ్యి ఆగింది. షోలాపూర్ అని ఉంది. ఆ సినిమా పేరు ఉంది. వంద రోజుల పండుగకు హీరోయిన్ వచ్చిందని, ఆమె బొమ్మతో సబ్బు అమ్మే కంపెనీవాళ్ళు కూడా వెంట వచ్చారని, వాళ్ళ తరఫున ఆమె నేత కార్మికులకు తన చేత్తో బిళ్ళలు పెట్టిందని రాసి ఉంది. పక్కన ఫోటో. మొహాలన్నీ సిరా మరకలైపోయాయి. వరసలో కుర్రవాళ్ళంతా చేతులు కట్టుకొని నిలబడ్డారు. ఒకడు మాత్రం తన అంగీని ఛాతీ దగ్గర రెండు వేళ్ళతో బిగదీసి పట్టుకొని ఉన్నాడు. ఆమె తల వంచి ఆ వేళ్ళ మధ్య చూస్తోంది.

ఆ సంపుటాన్ని ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టాను.

ఫోనులో ఫోటో తీసుకొని నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళాను. కంటికి పొర వచ్చింది, సరిగ్గా ఆనదు. పెద్దది చేసి చూపించి, రాసింది చదివాను. ఆయన ఫోనును మొహానికి దగ్గరగా పట్టుకొని ఆ రెండు వేళ్ళ మీద తన వేలు పెట్టాడు.

“అంగి చూడు. కొత్త అంగి. నేనే నేసిన బట్ట.”

“మామా, సబ్బోళ్ళు గుడ వచ్చినట్టు నీకు గుర్తున్నదా?”

“ఎందుకు లేదు? పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చిండ్రు. ఆమెకు ఒక్కొక్కటి అందిస్తుండిరి.”

“మరి ఆ రోజు ఎందుకు చెప్పలే? అందరు అంత నవ్వుతుంటే ఎందుకు ఊకున్నవ్?”

జీవితమంతా అరిచి మాట్లాడిన మనిషి. ఆ ఒక్కసారి ఆయన గొంతు తగ్గించడం విన్నాను.

“ఆ పొద్దు మీ అమ్మ నీ దిక్కు చూస్తుండె బిడ్డా. నేను నోరు తెరిస్తే అందరు నా దిక్కు చూస్తుండిరి. ఆమె వచ్చిందని నేను, రాలేదని వాళ్ళు, పొద్దుగూకేదాక అదే లొల్లి. నువ్వు చదివిన ముచ్చట ఎవ్వలికి యాదికుంటుండె?” ఫోను నా చేతికిచ్చి అన్నాడు, “నేను చెప్పనిది చదివినవ్. గదే గద మీ అమ్మకు కావాల్సింది.”

కళ్ళు తుడుచుకొని, “ఇప్పుడే గల్లీలకు పోయి చదువుత. అందరు ఇనాలె” అని లేచాను. చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టాడు.

“వద్దు. సబ్బు అని పిలిస్తే పలుకుతున్న. ఇప్పుడు పేరు మారిస్తే పలుకుడు మర్చిపోత. నేను పోయినంక చదువు. అప్పుడు ఎట్లయినా పలుకను.”

తన జోక్‌కు తానే నవ్వాడు, మళ్ళీ గల్లీ అంతా వినబడేలా.

ఆయన పోయిన మూడో రోజు మధ్యాహ్నం వెళ్ళాను. ఆయన కోడలు చద్దరును ముందు గోడకు, ఫోటో పక్కన వేలాడదీసింది. నేను ఒక అంచు ఎత్తి వెనక చూశాను. గోడ దిక్కు మొహం పెట్టుకొని మూడు బిళ్ళలు మిగిలిపోయాయి. వాటిని అలాగే ఉండనిమ్మని కోడలికి చెప్పాను. “నాకెరుకే అక్కా. చూడని సినిమలు గద. ముట్టను” అంది.

బయట ఆడవాళ్ళు ఎప్పటిలాగే చాటలతో కూర్చున్నారు. చావింటి ముందైనా నానిన ఆకు ఆగదు. ఎదురింటి చిన్నమ్మకు పళ్ళు ఊడిపోయాయి. అమ్మ వేళ్ళు వంకర తిరిగాయి, కానీ కత్తెర ఆగలేదు. “సబ్బు మామ ఉంటే ఈపాటికి ఒక కథ జెప్పుతుండె” అంటోంది చిన్నమ్మ.

నేను వాళ్ళ మధ్య నిలబడి, ఫోను తీసి, “ఒకటి చదువుత, ఇనుండ్రి” అన్నాను. ఊరి పేరు చదివాను, సినిమా పేరు చదివాను, సబ్బు కంపెనీ, హీరోయిన్, నేత కార్మికులు, ఆమె స్వయంగా తన చేత్తో. ఆఖరి వాక్యం దాకా చదివి ఫోటోను ఒక్కొక్కరి మొహం ముందు పెట్టాను. చిన్నమ్మ ఫోను తీసుకొని ఆ రెండు వేళ్ళను కంటికి దగ్గరగా పెట్టుకొని చూసింది.

“అయితే ముసలోడు ఖరంచ్, నిజమే చెప్పిండు” అంది చివరికి. “మరి గా దినం నోట్ల మన్ను పోసుకున్నట్టు ఎందుకు ఊకున్నడే? మనమెంత నవ్వితిమి!”

అమ్మ నా దిక్కు చూసింది. ఆ రోజు చూసినట్టే.

“అందరు నా దిక్కు చూడాలని ఊకున్నడంట” అన్నాను. “నువ్వు నన్ను లైబ్రరీకి పంపాలని.”

దారాల డబ్బాలోంచి తెచ్చిన ఎర్ర బిళ్ళను తీసి చద్దరు దగ్గరికి వెళ్ళాను. మెడ లేని చోట బట్టను రెండు వేళ్ళతో బిగదీసి, సందు చూసి, పోగు పక్కకు జరిపి దూర్చాను. వెనక కత్తెర చప్పుడు వినబడటం లేదు. తిరిగి చూస్తే అమ్మ చేతిలో ఆకు సగం కత్తిరించి ఉంది. ఆకు ఆరిపోతోంది. ఆమె దాన్ని చాటలో పెట్టేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

“మల్లొక్కసారి చదువు” అంది. “ఈసారి మెల్లగ చదువు.”